ఫారిన్ ఉద్యోగం వచ్చింది, ఇంటిల్లిపాదీ వెళ్లాలా వద్దా? తేల్చుకోవడం ఎలా

ఆఫర్ వచ్చిన రాత్రి మన ఇళ్లలో జరిగేది ఒకటే. ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి జీతాన్ని రూపాయల్లోకి గుణిస్తాం. నేనూ అదే చేశాను. 2018 మే నెల, నెల్లూరు దర్గామిట్టలో మా ఇల్లు, కరెంటు పోయి అందరం వరండాలో కూర్చున్నాం. షార్జాలో ఉద్యోగం, నెలకి 9,000 దిర్హములు. అప్పట్లో దిర్హము సుమారు 18 రూపాయలు. 1,62,000 అని వచ్చిన అంకెను మా ఆవిడకి చూపించాను. ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుని చూసి, "అక్కడ ఇంటద్దె ఎంత?" అంది. నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా ఆ రాత్రి అనిపించలేదు.

ఐదేళ్లు అక్కడ ఉండి 2023లో తిరిగొచ్చాం. ఇప్పుడు కావలి నుంచో కందుకూరు నుంచో ఒంగోలు నుంచో ఎవరో ఒకరు ఫోన్ చేసి "అన్నా, వెళ్లొచ్చా?" అని అడుగుతుంటారు. వెళ్లమనో వద్దనో నేను చెప్పలేను. ఏ పని ముందు చేయాలి, ఏది తర్వాత చేయాలి అన్నది మాత్రం చెప్పగలను. ఎందుకంటే నేను అన్నీ తలకిందులుగా చేశాను.

ముందు మూడు రోజులు నోరు కట్టేసుకోండి

రొట్టెల పండుగకి స్వర్ణాల చెరువులో దిగి, ఫారిన్ వెళ్లాలని రొట్టె పట్టుకున్న సంగతి పదిమందికి తెలిసినా నష్టం లేదు. అక్కడ పక్కన నిలబడ్డవాళ్లూ ఏదో ఒక రొట్టె కోసం వచ్చినవాళ్లే. ఆఫర్ వచ్చిన సంగతి మాత్రం వెంటనే చెప్పొద్దు. ఉదయం ట్రంక్ రోడ్డులో టీ తాగుతూ ఒక్కరితో అంటే సాయంత్రానికి బుచ్చిలో ఉన్న మేనత్త ఫోన్ చేసి "ఎప్పుడు ప్రయాణం?" అంటుంది. ఇక అక్కడినుంచి మీరు ఆలోచించరు, ఏర్పాట్లు చేస్తారు. వద్దనుకుంటే ఊరికి జవాబు చెప్పాలన్న భయం ఒకటి వచ్చి కూర్చుంటుంది. ఆ మూడు రోజులు భార్యాభర్తల మధ్యే ఉంచుకోండి.

ఆ మూడు రోజుల్లో చేయాల్సిన పని ఒకటుంది. ఫోన్‌లో చెప్పిన జీతాన్ని పక్కన పెట్టి, కాగితం మీద పూర్తి ఆఫర్ అడిగి తెప్పించుకోవడం. అందులో ఇవి వెతకండి: బేసిక్ ఎంత, అలవెన్సులు ఎంత, ప్రొబేషన్ ఎన్ని నెలలు, కుటుంబం వీసా ఖర్చు ఎవరిది, పిల్లల స్కూలు ఫీజులో కంపెనీ వాటా ఉందా, ఇన్సూరెన్సు మీ ఒక్కరికా, నలుగురికీనా, ఏడాదికి టికెట్లు ఎన్ని. యూఏఈలో ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీని బేసిక్ మీదే లెక్కకడతారు, మొదటి ఐదేళ్లూ ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున. నా 9,000లో బేసిక్ 4,000. అంటే ఏడాదంతా పనిచేస్తే వెనక జమయ్యేది 2,800 దిర్హములు. లెటర్ చేతికొచ్చిన రోజున ఆ వరస మీద నా కన్ను పడనే లేదు.

"కుటుంబం విషయం వచ్చాక చూసుకుందాం" అని హెచ్‌ఆర్ వాళ్లు అంటే, కుటుంబానికి ఏమీ లేదనే అర్థం చేసుకోండి. ఉంటే రాసే ఇస్తారు.

రూపాయల్లోకి మార్చకుండా లెక్క వేయండి

ఒక నోటుబుక్కు తీసుకోండి. ఆ దేశం డబ్బులోనే రాయండి. గుణింతం చివర్లో, మిగిలినదానికి మాత్రమే. మా మొదటి ఆరు నెలల లెక్క ఇది, దిర్హముల్లో:

ఒక బెడ్‌రూమ్ ఇంటద్దె 2,500. ఇద్దరు పిల్లల స్కూలు, బస్సు కలిపి 1,400. ఇంటి సరుకులు 1,500. కరెంటు, నీళ్లు 500. ఫోన్లు, ఇంటర్నెట్ 450. సెకండ్ హ్యాండ్ కారు వాయిదా, పెట్రోలు 1,300. వీసాలు, ఇన్సూరెన్సు కోసం నెలనెలా పక్కన పెట్టాల్సింది 300. ఎండాకాలం సెలవుల్లో ఊరికి వచ్చే టికెట్ల కోసం 600.

మొత్తం 8,550. మిగిలింది 450. అంటే 8,100 రూపాయలు. నెల్లూరులో నాకు 55,000, ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌గా మా ఆవిడకి 28,000 వచ్చేవి. సొంతిల్లు. కిందా మీదా పడి నెలకి పాతికవేలు దాచేవాళ్లం. లక్షా అరవై వేల జీతానికి వెళ్లి మేము దాచింది ఎనిమిది వేలు. ఈ లెక్క వరండాలో కూర్చున్న రాత్రే వేయగలిగేవాణ్ణి. అద్దెలూ ఫీజులూ అన్నీ ఇంటర్నెట్‌లో ఉన్నవే. వేయలేదు.

అవి అప్పటి ధరలు. ఇప్పుడు అద్దెలు ఎక్కువ, దిర్హము విలువా ఎక్కువ. మీ అంకెలు మీరే వేసుకోవాలి. రెండు మాటలు గుర్తుంచుకోండి. ఒకటి, అక్కడ ఇంటద్దె నెలనెలా ఇవ్వడం అలవాటు తక్కువ. ఏడాది అద్దెను ఒకటి నుంచి నాలుగు చెక్కుల్లో, ముందు తేదీలు వేసి ముందే ఇచ్చేయాలి. దిగిన మొదటి నెలలోనే డిపాజిట్లు, చెక్కు, స్కూలు ఫీజు, మంచాలు, వంటసామాను అన్నీ ఒకేసారి మీద పడతాయి. చేతిలో కనీసం నాలుగు నెలల ఖర్చు లేకుండా కుటుంబంతో దిగకండి. రెండోది, ఇన్‌కమ్ టాక్స్ లేదన్న మాట విని మురిసిపోవద్దు. టాక్స్ లేని చోట బడికి మనమే కట్టుకుంటాం, ఆసుపత్రికి మనమే కట్టుకుంటాం. టాక్స్ పడే జర్మనీలో ప్రభుత్వ బడికి ఫీజు లేదు, ప్రభుత్వ ఆరోగ్య బీమాలో ఉద్యోగం లేని భార్యా పిల్లలూ అదనపు ప్రీమియం లేకుండా కలుస్తారు. పాఠాలు జర్మన్‌లో ఉంటాయన్నది వేరే సంగతి.

బ్రిటన్ వెళ్లేవాళ్లకి ఇంకో దెబ్బ ఉంది. వీసాతోపాటు ఆరోగ్య సర్‌చార్జీ అని ఏడాదికి పెద్దలకి 1,035 పౌండ్లు, పిల్లలకి 776 పౌండ్లు, వీసా ఎన్నేళ్లయితే అన్నేళ్లకీ ముందే కట్టాలి. నలుగురికి మూడేళ్లంటే 10,866 పౌండ్లు, విమానం ఎక్కకముందే. ఇది కంపెనీ కడుతుందా అని అడగడానికి మొహమాటపడితే మీకే నష్టం.

భార్య ఉద్యోగం: అసలు లెక్క ఇక్కడుంది

ఈ భాగాన్ని మొగుళ్లు గబగబా చదివేసి ముందుకు పోతారని నాకు తెలుసు. కొంచెం ఆగండి.

వెనక వెళ్లేవాళ్లకి, ఎక్కువగా భార్యలకి, అక్కడ పనిచేసే హక్కు ఉందా లేదా అన్నది దేశాన్ని బట్టి మారిపోతుంది. జర్మనీలో బ్లూ కార్డు (పెద్ద చదువు ఉన్న ఉద్యోగులకి ఇచ్చే వీసా) మీద వెళితే భార్య మొదటి రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చు. బ్రిటన్ స్కిల్డ్ వర్కర్ వీసాలో కుటుంబాన్ని తెచ్చుకోనిచ్చే ఉద్యోగాలకీ అంతే. కేర్ వర్కర్లు కుటుంబాన్ని వెంట తీసుకెళ్లడం మాత్రం 2024 మార్చిలోనే ఆపేశారు, 2025 జులై నుంచి బయటి దేశాల నుంచి కొత్త కేర్ వర్కర్లని తీసుకోవడమే ఆపేశారు. యూఏఈలో భర్త స్పాన్సర్ చేసిన వీసా మీదే ఉండి, ఉద్యోగం ఇచ్చే కంపెనీ వర్క్ పర్మిట్ తీస్తే పని చేసుకోవచ్చు. సింగపూర్‌లో 2021 మే నుంచి డిపెండెంట్ పాస్ మీద ఉన్నవాళ్లు ఉద్యోగం చేయాలంటే సొంతంగా వర్క్ పాస్ తెచ్చుకోవాలి. అమెరికాలో హెచ్-1బి వాళ్ల భార్యలకి వచ్చే హెచ్-4 మీద పని చేయకూడదు. గ్రీన్‌కార్డు దారిలో భర్తకి ఐ-140 (అతని కోసం కంపెనీ వేసే పిటిషన్) ఆమోదం వచ్చిన తర్వాతే పర్మిట్ అడగొచ్చు. దానికి ఏళ్లు పట్టొచ్చు. పైగా 2025 సెప్టెంబరులో, బయటి దేశాల నుంచి కొత్తగా పిలిపించుకునేవాళ్ల హెచ్-1బి పిటిషన్లకి లక్ష డాలర్ల ఫీజు ప్రకటించారు. కన్సల్టెన్సీ వాళ్ల మాట నమ్మి అమెరికా పేరుతో ఇక్కడి ఉద్యోగం మానేసి కూర్చోవద్దు.

కుటుంబాన్ని తెచ్చుకోవడానికి కనీసం ఇంత జీతం ఉండాలన్న గీత ఒకటుంటుంది. యూఏఈలో 4,000 దిర్హములు, లేదా 3,000తోపాటు కంపెనీ వసతి. కువైట్‌లో సాధారణంగా 800 దీనార్లు. సింగపూర్‌లో 6,000 సింగపూర్ డాలర్లు. మీ ఆఫర్ ఆ గీతకి బొటాబొటిగా ఉంటే, దిగువన పడ్డప్పుడు కుటుంబం వెనక్కి వచ్చేయాల్సి రావొచ్చు.

హక్కు ఉండటం వేరు, ఉద్యోగం దొరకడం వేరు. మా ఆవిడ ఇక్కడ పదేళ్లుగా ఫిజిక్స్ చెప్పేది. షార్జాలో ఏ స్కూలుకి వెళ్లినా ముందు బీఎడ్ ఉందా అన్నారు, తర్వాత సర్టిఫికెట్ల అటెస్టేషన్ అన్నారు. ఒకరోజు సాయంత్రం ఇంటికొచ్చేసరికి వంటింటి గట్టు మీద పాత లెసన్ ప్లాన్ పుస్తకం తెరిచి ఉంది. ఖాళీ పేజీల్లో ఉల్లిపాయలు, కందిపప్పు, డెట్టాల్ అని సరుకుల జాబితా రాస్తోంది. ఎడమ పేజీలో ఆమె చేత్తోనే "వృత్తాకార చలనం, రెండో పీరియడ్" అని ఉంది. నేను చూసినట్టు ఆమెకి తెలియదు. నేనూ ఏమీ అనలేదు.

కాబట్టి ఇలా చేయండి. మీ ఆవిడ చదువు, అనుభవం రాసుకుని, ఆ దేశంలో ఆ పనికి ఏ లైసెన్సు, ఏ పరీక్ష, ఏ భాష కావాలో ఇద్దరూ కలిసి వెతకండి. ఆమె పేరుతోనే నాలుగైదు ఉద్యోగాలకి ఇక్కడినుంచే అప్లికేషన్ పెట్టించండి. ఒక్క జవాబు కూడా రాకపోతే ఆమె జీతం రెండేళ్లు సున్నా అని లెక్కలో రాయండి. ఇక్కడ మానేసే ఉద్యోగానికి సెలవు దొరుకుతుందేమో అడిగి చూడండి. రాజీనామా చివరి అస్త్రం.

పిల్లలు: వయసు ఎంత అన్నదే ప్రశ్న

ఐదేళ్ల లోపు పిల్లలకి ఏ ఊరైనా ఒకటే. మావాడు యూకేజీలో చేరి నెల తిరక్కుండానే మలయాళం మాట్లాడాడు. ఆరు నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లలకి కొంచెం బెంగ ఉంటుంది, సర్దుకుంటారు. గల్ఫ్‌లో సీబీఎస్‌ఈ స్కూళ్లు ఉన్నాయి కాబట్టి సిలబస్ గొడవ తక్కువ. అక్కడి ఇండియన్ స్కూళ్లకి ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది. మధ్యలో చేర్పిస్తే సీటు దొరకడమూ కష్టం, ఫీజూ దండగ.

తొమ్మిదో తరగతి దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి. ఇది చాలామందికి తట్టదు. మన రాష్ట్రంలో ఇంజినీరింగు వంటి సీట్లలో 85 శాతం స్థానికులకే. స్థానికత చూసేది, ఇంటర్ పరీక్ష రాసిన ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. ఈ లెక్కలో నెల్లూరు శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ పరిధి, ప్రకాశం ఆంధ్రా యూనివర్సిటీ పరిధి. పిల్లల్ని ఇక్కడ ప్రభుత్వ కోటాలో ఇంజినీరింగో మెడిసినో చదివించాలని మనసులో ఉంటే, తొమ్మిదో తరగతికల్లా వెనక్కి తేవాలి. లేకపోతే ఎన్‌ఆర్‌ఐ కోటా ఫీజులకైనా సిద్ధపడాలి, అక్కడే పై చదువుకైనా సిద్ధపడాలి. మధ్యలో వేలాడితే పిల్లలే నలుగుతారు. మా పాప వెళ్లేటప్పుడు నాలుగో తరగతి. మేము 2023లో తిరిగి రావడానికి కారణం అదే, ఆమెకి తొమ్మిది మొదలైంది.

అమెరికా అయితే 21 ఏళ్లు నిండేలోపు గ్రీన్‌కార్డు రాకపోతే పిల్లలు మీ వీసా నీడలోంచి బయటపడతారు. మనవాళ్ల వరస ఎంత పొడుగో చెప్పనక్కర్లేదు. పదకొండేళ్ల పిల్లతో వెళ్లేవాళ్లు ఈ తీసివేత ఇంట్లోనే చేసుకుని వెళ్లాలి.

తెలుగు సంగతి ఒక్క మాట. రెండో భాషగా తెలుగు దొరికే స్కూళ్లు తక్కువ. ఇంట్లో మీరు చెప్పకపోతే వాళ్లకి రాదు, అంతే.

అమ్మానాన్నల్ని మూడుసార్లు అడగండి

మొదటిసారి అడిగితే "మా గురించి ఆలోచించొద్దు, మీరు బాగుంటే చాలు" అంటారు. ఆ జవాబు లెక్కలోకి రాదు. రెండోసారి, ఇద్దర్నీ విడివిడిగా అడగండి. మూడోసారి అడగాల్సింది ప్రశ్న కాదు, పని: "రాత్రి రెండింటికి గుండెల్లో నొప్పొస్తే ఎవరికి ఫోన్ చేస్తావు నాయనా?" మా నాయన నవ్వి, పొదలకూరు రోడ్డులో ఉండే మా బావమరిది పేరు చెప్పాడు. ఆ మాట మా బావమరిదికి తెలియదు. ఆ రోజే వెళ్లి అడిగాను. అలా ఒక మనిషిని పేరుతో సహా ఒప్పించాలి, ఊరికే "అందరూ ఉన్నారుగా" అంటే ఎవరూ లేనట్టే.

ఆరోగ్య బీమా మీరు ఇక్కడ ఉండగానే తీయండి. బీపీ, షుగర్ లాంటి పాత జబ్బులకి పాలసీలో మూడేళ్ల వరకూ ఆగాల్సి రావొచ్చు, కాబట్టి ఆలస్యం చేసిన ప్రతి ఏడాదీ నష్టమే. 70 ఏళ్లు నిండినవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల కవరేజీ 2024 అక్టోబరు నుంచి ఉంది. ఆ కార్డు తీయించి బీరువాలో పెట్టకండి, ఫోటో తీసి ఆ బావమరిది ఫోన్‌లో పెట్టండి.

భూములున్నవాళ్లకి ఇంకో మాట. ఎన్‌ఆర్‌ఐ అయ్యాక వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు. ఉన్నది ఉంచుకోవచ్చు, వారసత్వంగా వచ్చినదీ తీసుకోవచ్చు. గల్ఫ్ డబ్బుతో కోవూరు దగ్గర రెండెకరాలు కొందామని పెట్టుకున్న కల చాలామందికి అక్కడ ఆగిపోతుంది. ఇళ్లు, ఇళ్ల స్థలాలు కొనొచ్చు. పాస్‌బుక్కుల్లో పేర్లు, సర్వే తేడాలు ఏమైనా ఉంటే వెళ్లకముందే తేల్చుకోండి. పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాల్సి వస్తే ఏ పనికో ఆ పని వరకే రాయించండి. మొత్తం ఆస్తి మీద అధికారం రాసిచ్చి, తర్వాత అన్నదమ్ములు మాట్లాడుకోని ఇళ్లు నాకు తెలుసు. సేవింగ్స్ ఖాతాను బ్యాంకులో చెప్పి ఎన్‌ఆర్‌ఓగా (ఎన్‌ఆర్‌ఐల ఇక్కడి ఆదాయానికి ఉండే ఖాతా) మార్పించాలి. బయటి జీతం పంపుకోవడానికి ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరిస్తే దాని వడ్డీకి ఇక్కడ పన్ను ఉండదు.

అందరూ ఒకేసారి బయల్దేరకండి

వెళ్లడమా, మానడమా అన్న రెండే దారులు ఉన్నట్టు అందరూ మాట్లాడతారు. మూడోది ఉంది: ముందు ఒక్కరు వెళ్లడం, ప్రొబేషన్ దాటాక, స్కూలు ఏడాది మొదట్లో మిగతావాళ్లు వెళ్లడం. నా మట్టుకు నాకు ఇదే సరైన దారి. కుటుంబాన్ని విడిచి ఆరు నెలలు ఉండటం సుఖం కాదు. కానీ నేను అలా చేయకపోతే ఏమైందో వినండి.

నేను జులై చివర వెళ్లాను. ఒంటరిగా ఉండలేక ఆగస్టు చివరికల్లా ముగ్గుర్నీ రప్పించుకున్నాను. ఆవిడ రాజీనామా ఇచ్చేసింది. కారు అమ్మేశాం. షార్జాలో ఏడాది అద్దె 30,000కి నాలుగు చెక్కులు రాసిచ్చాను: ఆగస్టు 25, నవంబరు 25, ఫిబ్రవరి 25, మే 25. స్కూలు ఫీజు కట్టాం. జనవరిలో, ప్రొబేషన్ ఇంకో రెండు వారాల్లో అయిపోతుందనగా, కంపెనీ వాళ్ల ప్రాజెక్టు ఆగిపోయింది. నాతోపాటు పదకొండు మందికి లెటర్లు ఇచ్చారు. ప్రొబేషన్‌లో ఉన్నవాడిని తీసేయడానికి కారణం చెప్పనవసరం లేదు. గ్రాట్యుటీ లేదు, ఏమీ లేదు.

అప్పట్లో అక్కడ చెక్కు బౌన్స్ అయితే పోలీసు కేసు. 2022 జనవరి నుంచి ఆ చట్టం మెత్తబడింది గానీ 2019లో అది జైలు మాటే. క్యాలెండర్‌లో ఫిబ్రవరి 25 చుట్టూ మా ఆవిడ పెన్సిల్‌తో సున్నా చుట్టింది. వీసా రద్దయితే దేశంలో ఉండటానికి అప్పట్లో 30 రోజుల గడువు. నా వీసా పోతే ముగ్గురివీ పోతాయి. ఆ టెన్షన్‌లో పిల్లలకి తెలియకూడదని మేము రాత్రిళ్లు బాత్రూమ్‌లో కుళాయి తిప్పి మాట్లాడుకునేవాళ్లం. చివరికి నాయన తన ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి డబ్బు పంపాడు. గల్ఫ్ నుంచి ఊరికి డబ్బు రావడమే గానీ, ఊరి నుంచి గల్ఫ్‌కి డబ్బు పోవడం మా వీధిలో అదే మొదలు అనుకుంటాను. ఐదు వారాలకి ఇంకో ఉద్యోగం, 13,000 జీతంతో దొరికింది. దొరక్కపోయి ఉంటే ఈ వ్యాసం ఇంకోలా ఉండేది.

అదే నేను ఒక్కడినే ఉండి ఉంటే? ఒక బెడ్ స్పేస్ (పదిమందితో పంచుకునే గదిలో ఒక మంచం) అద్దె, ఒక టికెట్. నెల్లూరులో ఆవిడ జీతం, పిల్లల స్కూలు, కారు, అన్నీ ఎక్కడివక్కడే ఉండేవి.

ఒక్కరే ఉన్న ఆ నెలల్లో మీరు చేయాల్సిన పనులున్నాయి. ఆఫీసు, స్కూలు ఒకే వైపు ఉండేలా ఇల్లు వెతకండి. దుబాయ్‌లో పని, షార్జాలో ఇల్లు అనుకునేవాళ్లు ఒక వారం ఉదయం ఏడింటికి ఆ రోడ్డు మీద వెళ్లి చూడండి, అద్దె ఎందుకు తక్కువో తెలుస్తుంది. కుటుంబాలున్న మనవాళ్లలో ఇద్దరితో మాట్లాడండి, ఒకరు వచ్చి ఏడాది కానివాళ్లు అయితే మంచిది. పదేళ్లు ఉన్నవాళ్లకి మొదటి ఏడాది కష్టం గుర్తుండదు. జులైలోనో ఆగస్టులోనో మీ ఆవిడని ఒక పదిహేను రోజులు విజిట్ వీసా మీద రమ్మనండి. ఎండ మండే నెలల్లో ఊరు చూసి "ఉండగలను" అంటే అది నమ్మదగ్గ మాట. డిసెంబరులో తీసుకెళ్లి చూపిస్తే ఎవరికైనా నచ్చుతుంది.

కాగితాలు

నిర్ణయం కాకముందే మొదలుపెట్టండి, ఎటూ పనికొచ్చేవే. పెళ్లి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ లేకపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించుకోండి. శుభలేఖ, ఆల్బమ్ చూపిస్తే ఏ ఎంబసీ ఒప్పుకోదు. పిల్లల బర్త్ సర్టిఫికెట్లలో పేరు ఉందో లేదో చూడండి. పుట్టిన వారంలో తీసుకున్నవాటిలో చాలాసార్లు "ఆడ శిశువు" అనే ఉంటుంది. మన ఇంటిపేర్ల గొడవ ఇంకొకటి: ఒక కాగితంలో ఇంటిపేరు పొడి అక్షరం, ఇంకో దాంట్లో పూర్తిగా, పాస్‌పోర్టులో ఆ గడి ఖాళీ. అన్నింటిలో ఒకేలా ఉండేలా పాస్‌పోర్టు ముందు సరిచేయించండి. యూఏఈ లాంటి దేశాలకి డిగ్రీ, పెళ్లి సర్టిఫికెట్లు రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, ఆ తర్వాత ఆ దేశ ఎంబసీ, ఈ వరసలో అటెస్ట్ కావాలి. వారాలు పడుతుంది.

ఏజెంటు ద్వారా వెళ్లేవాళ్లు కేంద్ర ప్రభుత్వం వారి ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఆ ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో చూసుకోండి. చట్టం ప్రకారం అతను తీసుకోదగ్గ సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ. లక్షలు అడిగితే లేచి వచ్చేయండి. విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తామంటే కూడా అంతే. పదో తరగతి పాస్ కాని వాళ్ల పాస్‌పోర్టుకి ఈసీఆర్ (వలస తనిఖీ అవసరం) అన్న గుర్తు ఉంటుంది. గల్ఫ్‌తో సహా 18 దేశాలకి ఉద్యోగం మీద వెళ్లాలంటే వాళ్లు ముందు క్లియరెన్సు తీసుకోవాలి. ఇలా వెళ్లేవాళ్లలో చాలామంది జీతాలు కుటుంబ వీసా గీత దాటవు. "తర్వాత ఫ్యామిలీని తెచ్చుకోవచ్చు" అన్న ఏజెంటు మాటని లెక్కలో వేయకండి.

తిరిగొచ్చే షరతులు ముందే రాసుకోండి

ఇక కూర్చోవాల్సిన రాత్రి. పిల్లలు పడుకున్నాక, చెరో కాగితం. వెళ్లాలా వద్దా అని కాదు, "ఏం జరిగితే వెనక్కి వచ్చేద్దాం" అని రాయండి. ఒకరిది ఒకరు చూడకుండా రాసి తర్వాత మార్చుకోండి. రెండో ఉద్యోగంలో చేరిన వారంలో మేము ఈ పని చేశాం, చేయాల్సిన వేళ కన్నా తొమ్మిది నెలలు ఆలస్యంగా. నేను రాసింది: జీతం ఇంత కన్నా తగ్గితే. ఆమె రాసినవి మూడు: పాపకి తొమ్మిదో తరగతి వస్తే, మీ అమ్మకో మా అమ్మకో మంచం మీద సేవ చేయాల్సి వస్తే, నాకు రెండేళ్లలో ఉద్యోగం దొరక్కపోతే నేనూ పిల్లలూ. మూడో దాంట్లో నా పేరు లేదు. అది చదివాక చాలాసేపు మాట్లాడుకున్నాం. పదమూడో నెలలో ఆమెకి ఒక స్కూల్లో ల్యాబ్ అసిస్టెంటుగా పని దొరికింది. ఫిజిక్స్ చెప్పే ఉద్యోగం కాదు. ఆ షరతు కొట్టేయాలా అని అడిగితే "సగం కొట్టేయి" అంది.

మీ కాగితంలో అంకెలూ తేదీలూ ఉండాలి. "బాగోకపోతే వచ్చేద్దాం" అని రాస్తే ఎప్పటికీ రారు, ఎందుకంటే ఎప్పుడూ కొంచెం బాగానే ఉంటుంది. నెల్లూరు ఇల్లు అమ్మకండి, అద్దెకివ్వండి, పదకొండు నెలల అగ్రిమెంటుతో. ఆ కాగితం మడిచి పాస్‌పోర్టుల కవరులో పెట్టండి. వీసాలనో ఇన్సూరెన్సునో రెన్యూ చేసే ప్రతిసారీ చేతికి తగులుతుంది.

ఇద్దరి జవాబులూ కలవకపోతే వెళ్లేది ఒక్కరే, ఆరు నెలలకి. ఒకరు గట్టిగా వద్దంటే కంపెనీకి అదే వారంలో రాసేయండి, నాన్చొద్దు. "కుటుంబ కారణాల వల్ల ఇప్పుడు చేరలేను, అవకాశం ఇచ్చినందుకు ధన్యవాదాలు" అని రెండు వాక్యాలు చాలు. కుటుంబ ప్యాకేజీ బాలేకే వద్దంటున్నట్టయితే ఆ మాటే రాయండి. ఒంగోలులో ఒక మిత్రుడు అలా రాస్తే పదో రోజున స్కూలు ఫీజు కలిపి కొత్త ఆఫర్ పంపారు. అతను అప్పటికీ వెళ్లలేదు, అది వేరే కథ.

బుచ్చి మేనత్తకి ఏం చెప్పాలంటారా? మూడు రోజులు నోరు కట్టేసుకుని ఉంటే ఆమెకి చెప్పాల్సిందేమీ ఉండదు.